సైకిలు క్యారియర్ మీద బోర్డు

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో క్రేన్ల కంట్రోల్ బోర్డులు బాగుచేసే చిన్న వర్క్‌షాపులో పనిచేశాను. క్రేన్ అదురుకు బోర్డు మీది పెద్ద కెపాసిటర్లు ఊడిపోయేవి. వాటిని ఏ జిగురుతో అంటించాలో తేల్చే పని నాది. రాయిలా గట్టిపడే ఎపాక్సీ అన్నాను. మెత్తని రబ్బరు జిగురే మేలన్నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన పాత మెకానిక్. తాతలనాటి జమీందారీ పోయినా, ఒకరి సలహా వినే అలవాటు మా ఇంట్లో లేదు.

“సైకిలెక్కించీండి బాబూ, తేలిపోద్ది” అన్నాడతను.

అక్కడ పరీక్ష అదే. చెరో జిగురుతో అంటించిన రెండు కెపాసిటర్ల బోర్డును క్యారియర్‌కి కట్టి, గోల్‌మురి నుంచి బర్మామైన్స్ దాకా గతుకుల్లో నేనే తొక్కాను. మనసు నిలవక, దారిలో నాలుగుసార్లు దిగి బోర్డు చూసుకున్నాను. ఎపాక్సీ చెక్కుచెదరలేదు.

తిరిగొచ్చాక అతను మీటరు పెట్టాడు. రబ్బరు మీది కెపాసిటర్‌కి ముల్లు కదిలింది. నాదానికి కదల్లేదు, అదురంతా మీద పడి జిగురు అంచున దాని తీగకాలు తెగిపోయింది.

“జిగురు గట్టిదే బాబూ. మరి కరెంటేటి, జిగురు మీంచి ఎల్తాదా?”

సాయంత్రం రిపోర్టులో రబ్బరు జిగురనే రాశాను. ఎవరు సూచించారన్న చోట ఆగిపోయాను. రెండుసార్లు లేచి వరండాలో తిరిగొచ్చి, అతని పేరు రాశాను.