మా కార్బన్ సైకిల్‌లో మక్కు: ఒక కొండపల్లి ప్రయాణం

ఈ ప్రయాణానికి కారణం నా తొందరే. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి సాహితి ఆ ఆదివారం తన మొదటి సైకిల్ రేసులో దిగాలి. ఎవరో వాడిన కార్బన్ ఫైబర్ సైకిల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఫ్రేము కిలో కూడా తూగదన్నారు. కొత్తగా వేసిన ఎర్ర రంగు చూసి మురిసిపోయి కొనేశాను. ఎవరికైనా చూపించి కొందామని సాహితి అంటూనే ఉంది, నేను వింటేగా. కొండపల్లి కోట ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే బండి సంగతి తేలుతుందని గురువారం బయల్దేరాం.

పొద్దున ఐదున్నరకు బెంజ్ సర్కిల్ దాటాం. లారీలు పెరగకముందే గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లిపోవాలంటే అదే సరైన వేళ. ముందు కార్బన్ మీద సాహితి, వెనక నా కాలేజీ నాటి ఉక్కు సైకిల్ మీద రొప్పుతూ నేను. ఇబ్రహీంపట్నంలో నలభై రూపాయల ఇడ్లీ తిన్నాం. హోటలావిడ సాహితి సైకిల్‌ను ఒంటిచేత్తో పక్కకు జరిపి, ఇంత తేలిగ్గా ఉందేంటని ఆశ్చర్యపోయింది. నేనే కనిపెట్టినంత పొంగిపోయాను.

ఏడున్నరకల్లా కొండపల్లి చేరాం. బొమ్మలు చేసేవాళ్ల వీధిలో మంచినీళ్లకు ఆగితే, అరుగు మీద అంబారీ ఏనుగుకు రంగులేస్తున్న రాఘవరాజు గారు పలకరించారు. డెబ్బై ఏళ్లుంటాయి. తాము వాడే తెల్ల పొణికి కర్రను మించిన తేలిక లేదని ఆయన ధీమా. గొప్పకు పోయి సైకిల్ చేతికిచ్చాను. ఎత్తి చూసి, ఓడిపోయినట్టు నవ్వారు. తర్వాత అలవాటుకొద్దీ ఫ్రేము పొడవునా గోటితో తడుతూ వచ్చారు. కింది గొట్టం మధ్యకొచ్చేసరికి చప్పుడు మొద్దుబారింది.

"ఇక్కడ మక్కు పెట్టారమ్మా," అన్నారు నాతో.

మక్కంటే చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన ముద్ద. బొమ్మకు కాళ్లూ చేతులూ అతికించాక, అతుకు కనబడకుండా దానితో పూడ్చి రంగు వేస్తారు. అలాంటిదేమీ ఉండదండీ అని కాస్త కోపంగానే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు.

"అతుకు దాచడమేనమ్మా మాకు అన్నం పెట్టేది. బొమ్మలో దాస్తే అందం. మనిషెక్కే బండిలో దాస్తే పాపం."

గీకి చూడమని సాహితే చెప్పింది. ఆయన గీకితే ఎర్ర రంగు కింద తెల్లటి పూత, దాని కింద గొట్టాన్ని సగం చుట్టేసిన పగులు. పైన పటారం, లోన లొటారం. ఇంకో గంటలో నా పిల్ల ఆ ఘాట్ రోడ్డు దిగాల్సింది దీని మీదే. అరుగు మీద కూలబడ్డాను. రాఘవరాజు గారి భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చి, నేను తాగేదాకా పక్కనే కూర్చుంది.

కోట ఎక్కలేదు. సాహితి నా సైకిల్ తీసుకుంది. నేను కార్బన్‌ను ఆటోలో వేసుకుని ఐదొందలిచ్చి ఇల్లు చేరాను. ఇంత కొత్త సైకిల్‌ని ఆటోలో తీసుకెళ్తున్నారేంటని డ్రైవర్ అడిగితే, కొత్తది రంగే బాబూ అన్నాను.

ఆదివారం సాహితి నా ఉక్కు సైకిల్ మీదే రేసులో దిగి, చివరి నుంచి నాలుగోదిగా వచ్చింది. తను గీత దాటుతుంటే నాకు ఏడుపొచ్చింది, ఓడినందుకు మాత్రం కాదు. ఇప్పటికీ కార్బన్ అంటే నాకు మోజే. మీరూ వాడినది కొనాలనుకుంటే, ముందు రూపాయి బిళ్లతో ఫ్రేము పొడవునా తట్టండి. ఎక్కడైనా చప్పుడు మొద్దుబారితే తెలిసిన మెకానిక్‌కి చూపించకుండా ఎక్కకండి. రేసు రోజు బయల్దేరే ముందు సాహితి కూడా నా పాత సైకిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరిదాకా తట్టి చూసుకుంది. అంతటా ఒకటే చప్పుడు.