షాలిని బిళ్ళ

నంద్యాల స్కానింగ్ సెంటర్‌లో పనిచేసే షాలిని పొద్దున రాగానే ప్రార్థన చేసుకుని, తనకెంత రేడియేషన్ తగిలిందో కొలిచే బిళ్ళను కోటుకు తగిలించుకుంటుంది. రోగికెంత తగిలిందో మిషను తెరమీద చూపిస్తూనే ఉంటుంది. అది చదవకుండానే మూసెయ్యడం ఆమె చేతికి అలవాటు.

ఆరోజు ఆళ్లగడ్డ నుంచి జీవమ్మ, తలనొప్పని ఏడ్చే మనవరాలిని ఎత్తుకొచ్చింది. "పోయిన వారమే ఆడ తీసినారు తల్లీ," అని సంచిలోంచి ఫిల్ము తీసింది. "డాక్టరుకు ఈడ తీసిందే కావల్ల అవ్వా," అంటూ షాలిని పాపను మళ్లీ మిషనులోకి పంపింది. అంతా అయినాక జీవమ్మ ఆమె కోటువైపు చూసి, "ఆ బిళ్ళ ఏంది?" అంది. "మాకెంత రేడియేషన్ తగిలిందో చెప్తాదిలే." "మరి మా పాపది యాడ?" షాలిని తెరమీది పాప లెక్కను చదవకుండానే మూసేసింది. బిళ్ళను మాత్రం విప్పి, ఒక్క కిరణమూ తగలని బీరువాలో భద్రంగా పెట్టి అన్నానికి పోయింది.