మళ్లీ బల్ల మీదికి

బేకరీలో అందరూ ఆమెను పిండక్క అనేవారు. నలభై ఏళ్లు పిండి పిసికిన చేతులు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది: ఎవరి పిండి బస్తా వాళ్లే పిసికే బల్ల మీదికి ఎత్తుకోవాలి. ఎత్తలేనివాళ్లకు బల్ల లేదు.

అరవై మూడో ఏట ఒక ఉదయం బస్తా ఆమె చేతుల్లోంచి జారి నేల మీద పడి చిరిగింది. బేకరీ మాస్టరు పకపకా నవ్వాడు. అతను స్వయానా ఆమె మరిది. అతనికి పని నేర్పింది ఆమే.

"ఇక నీ వల్ల కాదులే వదినా. ఆ కిటికీ దగ్గర కూర్చుని అట్టపెట్టెలు మడుచుకో."

పదిమందిలో అన్నాడు. ఆ రోజునుంచి ఆమెకు పెట్టెలే మిగిలాయి. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. దేవుడి ముందు నిలబడినా అదే మెదిలేది. "స్వామీ, వాణ్ణి క్షమించే మనసు ఇమ్మని అడగను. నా బల్ల నాకు ఇప్పించు, చాలు" అనేది.

బలం ఎందుకు తగ్గిందో తెలుసుకుందామని ఆసుపత్రికి వెళితే, నర్సమ్మ ఆమె తొడలు నొక్కి చూసింది. "కండల్లో మైటోకాండ్రియా అని ఉంటాయి పెద్దమ్మా. చిన్న చిన్న పొయ్యిలనుకో. తిన్నదాన్ని శక్తిగా మార్చేవి అవే. వయసుతో మందగిస్తాయి, కూర్చుంటే మరీను. పని చెబితే మళ్లీ పుంజుకుంటాయి. నెలలు పడుతుంది. పగబట్టినట్టు మాత్రం చెయ్యకు."

పిండక్క పగబట్టే చేసింది. మొదటి రోజే మేడమెట్లు నలభైసార్లు ఎక్కి దిగి, నాలుగు రోజులు మంచం దిగలేకపోయింది. ఆ నాలుగు రోజులూ బేకరీలో బట్టీ మండించే తాత గుమ్మంలో పాలు పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లాడు. ఐదోనాడు మాత్రం నోరు విప్పాడు.

"చల్లారిన బట్టీని ఒక్కసారే మండిస్తామా? ఇటుకలు పగలవూ?"

అప్పటినుంచి కొంచెం కొంచెంగా సాగింది. వడిగా నడక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, రోజు విడిచి రోజు ఇసుక సంచి ఎత్తడం. సంచి ఎత్తిన ప్రతిసారీ మరిది నవ్వు గుర్తుచేసుకునేది.

ఏడు నెలలకు, అందరూ ఉన్న వేళ చూసుకుని, బస్తా ఎత్తి మాస్టరు బల్ల మీదే దించింది.

"అది నా బల్ల వదినా."

"అయితే నీ బస్తా ఎత్తుకో."

మాస్టరైన నాటినుంచీ అతని బస్తా ఇంకొకరు ఎత్తేవారు. ఇప్పుడు వంగాడు. బస్తా మోకాలి దాకా వచ్చి ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు.

ఆమె కిటికీ దగ్గరి స్టూలు తెచ్చి వేసింది. "ఎత్తలేనివాళ్లకు బల్ల లేదు. కూర్చో. చేతులు ఆనించకుండా పదిసార్లు లే. నేను లెక్కపెడతాను."

నాలుగోసారి లేచి, మళ్లీ లేవలేక కూలబడ్డాడు.

"నాలుగు," అంది పిండక్క, అందరికీ వినబడేలా. "రేపు ఐదు. పది అయ్యేదాకా ఇవి నీవే."

అట్టపెట్టెల కట్ట అతని ఒళ్లో పెట్టి, పిండిలో నీళ్లు పోసుకుంది.