అత్తగారి పాత సిమెంటు ట్యాంకు

మా కాపురం తెనాలిలో, అత్తవారిల్లు రేపల్లెలో. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో, ఆదివారం వస్తే మా ఆవిడా నేనూ రేపల్లె ప్యాసింజరు ఎక్కేవాళ్ళం. ఆ రైలు ఎంత నింపాదిగా నడిచేదంటే, తెనాలి దాటగానే కిటికీలోంచి చూసిన వరినారు మేం దిగేలోపు వెన్ను వేసేది. అయినా వెళ్ళేవాణ్ణి, అత్తగారి చేతివంట కోసం.

దసరా దగ్గరపడిందంటే మాత్రం ఆ వంటకి ఏదో పూనేది. పొద్దున అటుకుల ఉప్మా, సాయంత్రం అటుకుల పాయసం, రాత్రికి అటుకుల పులిహోర. మనిషికో బస్తా తిన్నామని ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. పైగా అన్నిట్లోనూ వేపాకు వాసన.

"ఇన్ని అటుకులు ఎక్కడివి?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"పాతవండీ. తుఫాన్ల కాలం కదా, అమ్మ కొత్తవి నింపుకుంటుంది."

"ఎక్కడ?"

"అది తెలిస్తే నేనింత సన్నగా ఉంటానా?"

ఎక్కడో తెలియదు గానీ ఎందుకో అందరికీ తెలుసు. వెనకటి పెద్ద ఉప్పెనలో అత్తగారు పచ్చి బాలింత. పొత్తిళ్ళలో మా ఆవిడతో బడి డాబా మీద చిక్కుకుపోయారు. తిండి లేక ఆవిడకి పాలు పడలేదు. పిల్ల దక్కుతుందని ఎవరూ అనుకోలేదట. దక్కింది, నన్ను చేసుకుంది, అది వేరే ఉపద్రవం. అప్పట్నుంచీ అత్తగారు తిండి దాస్తూనే ఉన్నారు. కంటికి కనబడితే ఇంట్లోవాళ్ళం తుఫాను రాకముందే తినేస్తామని ఆవిడకి గట్టి నమ్మకం.

ఎక్కడ దాస్తారో తెలియక నాకు నిద్ర పట్టలేదు. అటక ఎక్కాను. అక్కడి బూజు తెనాలి దాకా నా వెంట వచ్చింది. గాదె వెనక దూరితే బయటికి లాగడానికి ఇద్దరు కావలసి వచ్చింది. చివరికో ఆదివారం డాబా మీద, పగిలిపోయిందని వదిలేసిన పాత సిమెంటు ట్యాంకు దగ్గర నా ముక్కు ఆగింది. వేపాకు! మూత ఎత్తాను. మైనంతో మూతలు బిగించిన డబ్బాలు, బెల్లం, వేరుశనగ గుళ్ళు, సీసాల్లో అగ్గిపెట్టెలు, కిరసనాయిలు, వత్తుల స్టవ్వు, మోకు. పైన, ఏనుగు దంతాల సైజులో జీడిపప్పు.

"ఏంటండీ అల్లుడు గారూ, నీళ్ళు వస్తున్నాయా?" వెనక అత్తగారు.

"అది కాదు అత్తయ్య గారూ, ఈ జీడిపప్పు..."

"బాపట్ల నుంచి తెప్పించా. మీకు కాదు."

"మరెవరికండీ?"

"ఆకలేసినవాళ్ళకి."

"నాకెప్పుడూ ఆకలే కదండీ."

"మీది ఆకలి కాదు బాబూ, అలవాటు."

ఎక్కడో తెలిసింది. ఇక ఎప్పుడు తెరుస్తారన్నదే నన్ను తొలిచేది. ఆ ఏడే తుఫాను వచ్చింది. రైలు ఆగింది, రోడ్డు మునిగింది, కరెంటు పోయింది, మేం రేపల్లెలో ఇరుక్కున్నాం. మర్నాటికి గ్యాసు కూడా అయిపోయింది. మధ్యాహ్నానికి నా పొట్ట వెన్నుకి అతుక్కుని విడిపించమని కేకలు పెట్టింది.

"తెరుద్దామా అత్తయ్య గారూ?"

"పొద్దున చద్దన్నం తిన్నారుగా. అప్పుడే దేనికి?"

"సముద్రం మన మెట్టు దాకా వచ్చిందండీ!"

"ఇప్పుడు తెరిచేసి, రేపు దీన్ని మించింది వస్తే?"

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నావైపు చూడలేదు. ఈవిడ లెక్కకి సరిపడే తుఫాను ఇంకా పుట్టలేదేమో, ఈ ట్యాంకు ఎప్పటికీ తెరుచుకోదేమో అనిపించింది.

అప్పుడొచ్చాడు, పల్లపు వీధిలో ఉండే దర్జీ. నిలువునా తడిసిపోయాడు. వెనక అతని భార్య, ప్లాస్టిక్ పట్టాలో చుట్టిన పసిపిల్లతో.

"పిన్నిగారూ, ఇల్లు మునిగిందండీ. నిన్నట్నుంచి పిల్లతల్లికి పచ్చి మంచినీళ్ళే."

అత్తగారు ఆ అమ్మాయిని ఒక్కటే అడిగారు. "పాలు పడుతున్నాయా అమ్మా?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

గొడుగైనా లేకుండా డాబా ఎక్కారు అత్తగారు. డబ్బాలు నేను మోశాను. ఒక్కొక్కటీ బండరాయంత బరువు, అబద్ధం కాదు. స్టవ్వు వెలిగింది. బెల్లం, శొంఠి వేసి మరిగించిన నీళ్ళు ముందు తాగించారు. తర్వాత అటుకులు, నేతిలో వేయించిన జీడిపప్పు. ఆ అమ్మాయి తిన్నంతసేపూ పిల్లని అత్తగారే ఎత్తుకుని ఎదురుగా కూర్చున్నారు. తర్వాత తల్లీపిల్లల్ని లోపలి గదిలో పడుకోబెట్టారు.

సాయంత్రానికి మా ఆవిడ ఆ గదిలోంచి వచ్చింది. "పాలు పడ్డాయమ్మా."

అత్తగారు గోడకి చేరగిలపడి చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. నేను డబ్బాకి మూత పెట్టబోయాను.

"ఉండనివ్వండి అల్లుడు గారూ. పల్లంలో ఇంకా ఇళ్ళున్నాయి కదా, దర్జీతో వెళ్ళి అందర్నీ పిలుచుకు రండి."

"మరి రేపు పెద్దది వస్తే?"

"వెళ్ళండి బాబూ."

లుంగీ ఎగ్గట్టి దిగాను. నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయని దర్జీ ఇప్పటికీ అందరితో చెబుతుంటాడు. మెడ దాకా ఉన్నాయి.