రాళ్ల మలుపు

మా డ్రిల్ సార్ పోయారన్న కబురు నాకు కాలేజీలో, క్లాసులో హాజరు తీసుకుంటుండగా అందింది. గుండె ఆగిందట. మిగిలిన పేర్లు పిలిచి రిజిస్టర్ మూశాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

మెదక్‌లో చదివిన మీలో చాలామంది ఆయన విజిల్‌కు పరిగెత్తినవాళ్లే. నేను మాత్రం నలభై దాటాక ఆయన శిష్యురాలినయ్యాను. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు. సమ్మె శిబిరానికి తమ్ముడి పాత సైకిల్ మీద పోతూ, కాస్త ఎత్తు రాగానే దిగి తోసుకునేదాన్ని. రాష్ట్రం వస్తుందా, వస్తే మాత్రం ఏం మారుతుంది అని లోపల సందేహం, పైకి నినాదాలు. ఒకరోజు సార్ పక్కన ఆగి, "సైకిల్ నిన్ను మొయ్యాలె బిడ్డా, నువ్వు దాన్ని మోసుడేంది?" అన్నారు.

రిటైరయ్యాక ఆయన లావు టైర్ల గేర్ల సైకిల్ కొన్నారు. పోరగాళ్ల బండి ముసలోనికెందుకని చాయ్ హోటల్లో ఆటపట్టిస్తే నవ్వేవారు. పొద్దున్నే ఇద్దరం ఖిల్లా అవతలి గుట్ట ఎక్కేవాళ్లం. దిగడానికి ఉన్నది కట్టెలకు పోయేవాళ్లు నడిచి నడిచి పడిన బాట, ఒక్క మనిషి పట్టేంత. తన బండి నాకిచ్చి, మా తమ్ముడి డొక్కు సైకిల్ మీద ఆయన నా వెనక దిగేవారు.

"రాయిని చూడకు. రాయి పక్కన సందు చూడు. యాడ జూస్తె బండి ఆడికే పోతది."

నేను రాయినే చూసేదాన్ని. బాట సగంలో రాళ్ల మలుపు దగ్గర ప్రతిసారీ కాలు దించేదాన్ని. "రేపు జూద్దాం" అనేవారు, అంతే. ఒక్కసారి కాలు దించకుండా దిగితే చాలు, ఈ వయసులో ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

సమ్మె ముగిసింది, రాష్ట్రం రాలేదు. మర్నాటి నుంచి క్లాసులు. ఆ పొద్దున ఆయనకు ఆయాసంగా ఉంది. గుట్ట కొసన బండ మీద నిలబడి, "నువ్వు దిగు, నేను ఈడ్నుంచే చూస్త" అన్నారు. మలుపు దాకా బాగానే వెళ్లాను. అక్కడ సైకిల్ దిగాను. పది అడుగులు తోసుకెళ్లి మళ్లీ ఎక్కాను. ఆ చోటు పైనుంచి కనిపించదనుకున్నాను.

హోటల్లో ఎవరో, మేడం మొత్తం దిగిందా సార్, అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయన, "కాలు దించలే. నేను చూసిన గద" అన్నారు. నేను చాయ్ గ్లాసు అందుకున్నాను. ఆ తర్వాత చాలాసార్లు కలిశాం. చెప్పాలనుకుంటూనే ఏడాది గడిపేశాను.

దినాలు అయిన మర్నాడు ఒక్కదాన్నే గుట్ట ఎక్కి ఆయన నిలబడ్డ బండ మీద నిలబడ్డాను. రాళ్ల మలుపు సరిగ్గా కింద ఉంది, అడ్డం ఒక్క కొమ్మ లేదు. ఆయన చూపు మందగించి ఉంటుందేమోనని కాసేపు ఆశపడ్డాను. మైదానం ఆ కొసన ఎవరి బూటు లేసు ఊడిందో ఈ కొస నుంచి చెప్పే మనిషి.

కింద బాటలో కట్టెల మోపుతో ఒకావిడ వచ్చింది. చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని, ఆ మలుపులోనే మోపు దించి రాయి మీద కూలబడింది. చెప్పు విడిచి మడమ ఒత్తుకుంది. ఆమె చేతి గాజులు కూడా నాకు కనిపిస్తున్నాయి. ఆమె లేచి మోపు ఎత్తుకునేదాకా నేను చప్పుడు చేయలేదు.