పెద్ద అంకె ఉన్న ల్యాప్‌టాప్

ప్రభుదాస్‌ది తెనాలి దగ్గర చిన్న ఊరు. మూసాపేటలో టీవీలు బాగుచేసే షాపులో ఆరేళ్ళు పనిచేశాడు. కంప్యూటర్లు విప్పి బిగించడం కూడా అక్కడే నేర్చుకున్నాడు. 1999 మొదట్లో మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో హార్డ్‌వేర్ ఇంజనీరుగా చేరాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా పెద్ద చదువులవాళ్ళు, తనకు డిగ్రీ లేదు. అందుకని ఎవరేమడిగినా తెలియదనే మాట మాత్రం నోట రానిచ్చేవాడు కాదు.

ఆస్పత్రుల్లో రోగుల వివరాలు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీది. దాన్ని డాక్టర్లకు చూపించి రావడానికి ఆరుగురు ఉండేవారు, వాళ్ళకు ఆరు ల్యాప్‌టాప్‌లు. ఐదు కొత్తవి, పెంటియం టూ, 233 మెగాహెర్ట్జ్. ఆరోది అంతకుముందు ఏడాది కొన్నది. అందులో ప్రాసెసర్ వెనకటి తరానిదే, పెంటియం ఎమ్మెమ్మెక్స్. దాని మీద అంకె మాత్రం 266. ప్రభుదాస్ ఆ అంకె చూసి అదే అన్నిటికన్నా వేగమైనదని తేల్చేశాడు. సిద్దిపేట వైపు నుంచి వచ్చి కొత్తగా చేరిన సరితకు దాన్ని ఇస్తూ, మంచి మిషన్ నీకే ఇస్తున్నానమ్మా అని కూడా అన్నాడు.

నెల తిరక్కుండానే సరిత అతని దగ్గరికి వచ్చింది. మిగతావాళ్ళ మిషన్లలో తొందరగా వచ్చే రిపోర్టు తనదాంట్లో అంత తొందరగా రావడం లేదంది. ఒకసారి తన పక్కన కూర్చుని చూడమంది. తరవాత మళ్ళీ వచ్చి అదే అడిగింది. అతను రెండుసార్లూ మిషన్ మీది అంకె చూపించి పంపేశాడు.

మార్చిలో మెహిదీపట్నంలో ఒక ఆస్పత్రికి వెళ్ళింది సరిత. నలుగురు డాక్టర్లు కూర్చున్నారు. ఏడాది మొత్తం రిపోర్టు చూపించమన్నారు. ఆమె మీట నొక్కింది. తెర మీద ఇసుక గడియారం గుర్తు అలాగే ఉండిపోయింది. ఒక డాక్టరు వాచీ చూసుకుని లేచిపోయాడు, అతని వెనకే ఇంకొకరు. ఆ ఆర్డరు రాలేదు.

సోమవారం మీటింగులో మేనేజరు సుబ్బలక్ష్మి గారు ఏం జరిగిందని అడిగారు. మిషన్ స్లో అని చెప్పింది సరిత. అందరూ ప్రభుదాస్ వైపు చూశారు.

"ఆఫీసులో అన్నిటికన్నా ఫాస్ట్ మిషన్ అదేనండి. మిషన్‌లో లోపం లేదు. వాడే చేతిని బట్టి ఉంటుంది" అన్నాడు.

ఎవరో నవ్వారు. సరిత తల దించుకుంది. మర్నాటి నుంచి ఆమెను బయటికి పంపడం మానేసి, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో పుస్తకం రాసే పనిలో కూర్చోబెట్టారు.

రెండు వారాల తరవాత ఆ ఆరుగురిలోనే డేవిడ్ అనే అతను కీబోర్డు పాడైందని తన 233 తెచ్చి ఇచ్చాడు. బాగుచేశాక పని చేస్తోందో లేదో చూడడానికి ప్రభుదాస్ సరిత ఆస్పత్రిలో చూపబోయిన ఏడాది మొత్తం రిపోర్టే నడిపాడు. మూడు నిమిషాలలోపే వచ్చింది. పక్కన సరిత వదిలేసిన 266 ఉంది. దాంట్లోనూ నడిపాడు. నాలుగు నిమిషాలు దాటింది. మెమరీ రెండింటిలోనూ ఒకటే. నమ్మలేక, హార్డ్ డిస్కులు అటూ ఇటూ మార్చి మళ్ళీ చూశాడు. అయినా అంతే. ఆ అంకె చెప్పేది సెకనుకు ఎన్ని అడుగులన్నదే. అడుగులు తక్కువైనా, కొత్త తరం ప్రాసెసర్ ఒక్కో అడుగులో ఎక్కువ పని చేస్తోంది. ఆ సంగతి ఒక్క అరగంట కూర్చుంటే మొదటిరోజే తెలిసేది.

రెండు మిషన్లూ మూసేసి ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాడు.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. సరిత క్యాంటీన్‌లో ఉంటే బయటికి వెళ్ళి తోపుడు బండి దగ్గర తినేవాడు. ఆమె నడవాలో ఎదురైతే జేబులో ఏదో వెతుక్కునేవాడు. అతని భార్య జాయ్స్ నర్సు. అన్నం ముందు పెట్టుకుని కలుపుతూనే ఉండడం చూసి అడిగితే, అప్పుడు చెప్పాడు.

"మా వార్డులో మందు తప్పు వేస్తే ముందు డాక్టరుకు చెప్తామండి. బాధపడేది ఆ తరవాతే. మీరు తొమ్మిది రోజుల్నుంచి బాధే పడుతున్నారు" అంది జాయ్స్.

మర్నాడు సుబ్బలక్ష్మి గారి గదిలోకి వెళ్ళి చెప్పాడు. ఆవిడ, మిషన్ మార్చేద్దాం, ఇప్పుడిది అందరిలో తవ్వుకోవడం ఎందుకన్నారు. ఆ మాటకు ప్రభుదాస్‌కు ప్రాణం లేచొచ్చింది. తలుపు దాకా వెళ్ళాడు. అంత హాయిగా అనిపించినందుకే మళ్ళీ సిగ్గేసి వెనక్కి వచ్చాడు. తను సరితను అన్నది అందరి ముందేనని, మీటింగులోనే చెప్తానని అన్నాడు.

సోమవారం లేచి నిలబడి చెప్పాడు. తప్పు సరితది కాదని, మిషన్‌ది కూడా కాదని, చూడకుండా మాట్లాడిన తనదని అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మీటింగయ్యాక సరిత అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"జర నా పక్కన కూసొని చూడుండ్రి అని రెండుసార్లు అడిగిన సార్. మీరు నంబర్ చూపిచ్చి పంపిండ్రు. గా మీటింగైన దినం నేను ఇంటికి పోయి, నాకు నిజంగనే చాత కాదేమో అనుకున్న."

అతను క్షమించమని అడగబోయాడు. ఆమె ఆగకుండా తన సీటుకు వెళ్ళిపోయింది.

ఏప్రిల్‌లో సరితను మళ్ళీ ఆస్పత్రులకు పంపారు. కొత్త ల్యాప్‌టాప్ తీసుకునేటప్పుడు రిపోర్టు తన ముందే నడిపి చూపించమంది. ప్రభుదాస్ నడుపుతుంటే చేతి గడియారం చూస్తూ నిలబడింది. రిపోర్టు మూడు నిమిషాలలోపే వచ్చాక మిషన్ సంచీలో పెట్టుకుని, సంతకం చేసి, గచ్చిబౌలి బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది. అతని మొహం వైపు చూడలేదు. చూడనందుకు అతనికి కోపం రాలేదు.