పసుపు గోదాం గోడలో ఇనుప రెక్క

మా ఆర్మూర్ గంజ్ బజారులో పసుపు కమీషన్ వ్యాపారం చేసే సేటు ఒకాయన తన గోదామును రెండుగా చీల్చి, ఒక సగంలో సినిమా హాలు పెట్టాలనుకునే నాటికి నాకు పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. నిజాం ఏలుబడి ఇంకా నడుస్తోంది. మాది రేకు పని. లాంతర్లు, గరాట్లు, నూనె డబ్బాలు చేసి అమ్ముకునేవాళ్లం. ఒకరోజు సేటు నన్ను పిలిపించి, సినిమా మిషన్ పెట్టే గదికి పొగగొట్టం కట్టాలన్నాడు.

ఆ మిషన్‌లో వెలుతురు కోసం రెండు బొగ్గు పుల్లలను కరెంటుతో మండిస్తారు. వాటి నుంచి ఘాటైన పొగ వస్తుంది. మిషన్ గది నిచ్చెన ఎక్కేంత ఎత్తున, నడిమి గోడను ఆనుకుని ఉంది. గొట్టాన్ని ఆ గోడలోంచి అవతలికి తీసి, పసుపు బస్తాల మీదుగా నడిపి, వెనక గోడ దాటించి బయటికి వదలాలి. చివర పొగను లాగే ఫ్యాను. ఇంతవరకు నాకు బాగానే అర్థమైంది.

నిజామాబాద్ నుంచి లైసెన్సు ఇచ్చే అధికారి వచ్చి చూశాక చిక్కు మొదలైంది. గొట్టం గోడ దాటే చోట ఇనుప రెక్క ఒకటి ఉండాలని, గదిలో నిప్పు లేస్తే అది తనంతట తాను పడి గొట్టాన్ని మూసెయ్యాలని, లేకపోతే పర్మిషన్ ఇచ్చేది లేదని ఆయన ఉర్దూలో చెప్పి వెళ్లాడు. సేటు హైదరాబాద్ నుంచి సామాను తెప్పించాడు. చెక్కపెట్టెలో ఇనుప చట్రం, దానికి రెక్క, చిన్న గొలుసు, వేలి పొడవున్న ఇత్తడి బద్దలు మూడు, ఒక స్విచ్చు డబ్బా వచ్చాయి. ఒక్కో బద్ద నిజానికి రెండు ముక్కలు. కొద్దిపాటి వేడికే కరిగే లోహంతో వాటిని అతికించారు. తెచ్చినాయన "దీన్ని డంపర్ అంటరు, బద్ద కరిగితే రెక్క పడ్తది" అని ఒక్క ముక్క చెప్పి, వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్లిపోయాడు.

నాతో పాటు ఆ పని చేసింది హాలు ఇంజను, కరెంటు చూసే మనిషి. నాకంటే కొద్దిగా చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. చర్చి పక్క వాడలో ఉండేవాడు.

"తమ్మీ, నాకొకటి సమజైతలేదు" అన్నాను అతనితో. "పొగ పోనీకనే గద గొట్టం పెడ్తున్నం. నిప్పు లేస్తే పొగ ఇంకింత వస్తది. గప్పుడే గొట్టం మూస్తే గా పొగ ఎటు పోవాలె?"

"నన్నడుగుతవేందే అన్నా? వైరు యాడికెళ్లి యాడికి పోవాల్నో అడుగు, చెప్త."

సేటును అడిగితే విసుక్కున్నాడు. "సర్కారోళ్లు పెట్టుమన్నరు, పెట్టు. నీకెందుకయ్యా గివన్ని?"

ఇంటికి పోయి నా భార్యతో అంటే, ఆమె పొయ్యి ఊదుతూనే చెప్పింది. "కట్టుకున్న బట్టకు నిప్పంటుకుంటే గొంగడి కప్పి ఆర్పుతరు గద. గిది సుత గట్లనే కావచ్చు."

ఆ మాటతో సగం తెలిసినట్టయింది. కానీ కప్పిన గొంగడిని మంట ఆరగానే తీసేస్తారు. ఈ రెక్కను తీసేవాళ్లెవరు? నాకు మళ్లీ అయోమయమే మిగిలింది.

చట్రాన్ని గోడలో పెట్టి చుట్టూ సున్నంతో బిగించాం. రెక్కకు బందులు పైన ఉన్నాయి. దాన్ని గోదాం వైపుకు పైకెత్తి, గొలుసుతోనూ బద్దతోనూ కట్టాం. ఫ్యాను తిప్పి, బద్ద కింద దీపం పట్టాను. కాసేపటికి బద్ద రెండు ముక్కలై ఊడింది. రెక్క మాత్రం పడలేదు. గాలిలో వణుకుతూ పైనే నిలబడింది.

బందులు పట్టేశాయనుకుని నూనె పోశాను. రెండో బద్ద పెట్టి మళ్లీ దీపం పట్టాం. బద్ద ఊడింది, రెక్క మళ్లీ పడలేదు. ఒక్క బద్దే మిగిలింది. ఇద్దరం గొట్టం దగ్గర చతికిలబడ్డాం. చట్రాన్ని తలకిందులుగా పెట్టామేమోనని ఒకసారి, సామానే మంచిది కాదేమోనని ఒకసారి అనుకున్నాం. ఇంతలో నూనె అయిపోయి ఇంజను ఆగింది. ఫ్యాను మెల్లగా ఆగింది. రెక్క ధనామని పడింది.

ఇంజను మనిషి లేచి నిలబడ్డాడు. "అన్నా! ఫ్యాను గాలే దాన్ని పడనిస్తలేదు. ముందుగాల ఫ్యాను బంద్ కావాలె. గీ స్విచ్చు డబ్బ గందుకే!"

గొలుసు బిగిసి ఉన్నంతసేపే స్విచ్చు కలిసి ఉండేటట్టు, గొలుసు వదులైతే ఫ్యానుకు కరెంటు తెగేటట్టు అతను వైర్లు కలిపాడు. మిగిలిన బద్దను గొలుసుకు కట్టాం కానీ, దాన్ని కరిగించి చూసే ధైర్యం మాకు లేకపోయింది. గొలుసును చేత్తో వదిలి చూశాం. ఫ్యాను ఆగింది, రెక్క పడింది. పనైతే అయింది కానీ, ఎందుకు చేశామో నాకప్పటికీ తెలియదు.

హాలు నడవసాగింది. ఒక అంగడి రోజు మధ్యాహ్నం ఆటకు నేనూ పోయాను. పసుపు అమ్ముకున్న వేల్పూర్, మాక్లూర్ రైతులతో హాలు నిండింది. కథ మంచి రసపట్టులో ఉండగా తెర మీది బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. దాని నడుమ గోధుమరంగు మచ్చ లేచి, చూస్తుండగానే పెద్దదై, బొమ్మను తినేసింది. అదీ కథలో భాగమే అనుకుని కొందరు ఈలలు వేశారు. ఆ కాలపు రీలుకు నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. తెర మీదికి వెలుతురు వచ్చే మిషన్ గది కంతల్లోంచి ఎర్రటి వెలుగు కనిపించింది. వెంటనే మిషన్ నడిపే ఆపరేటర్ లోపల తాడు లాగినట్టున్నాడు, కంతలకున్న ఇనుప పలకలు టపటపా పడ్డాయి.

జనం లేచారు. గోదాంగా ఉన్నప్పుడు బండ్లు వచ్చిపోయిన పెద్ద తలుపు కావడంతో తొక్కిసలాట లేకుండా బయటపడ్డారు. ఆ గోలలోనే ఫ్యాను హోరు ఆగడం, ఆ వెంటనే గోడలో ధన్‌మన్న చప్పుడు నాకు వినిపించాయి. గోదాం వెనక్కి పరుగెత్తి చూస్తే గొట్టం చివర పొగ ఆగిపోయింది. రెక్క పడిందని సంబరపడ్డాను. మరుక్షణమే ఇంకోటి తోచింది. పొగ బయటికి రాలేదంటే లోపలే ఉంది. లోపల ఆపరేటర్ ఉన్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి ఇంజను మనిషి నిచ్చెన ఎక్కి మిషన్ గది తలుపు లాగుతున్నాడు. తలుపు తెరుచుకోగానే నల్లటి పొగ తన్నుకొచ్చింది, దానితో పాటే ఆపరేటర్ బయటికి తూలి పడ్డాడు. వెంట్రుకలు మాడాయి, కుడిచెయ్యి కాలింది. అతన్ని కిందికి దించి, తలుపు మళ్లీ మూసేశాం. రీలు దానంతట అది కాలి ఆరిపోయింది.

గోదాంలోకి పోయి చూశాం. రెక్క అవతల గొట్టం కొద్దిగా గోరువెచ్చగా ఉంది, అంతే. ఒక్క బస్తాకు కూడా మసి అంటలేదు. సేటు నన్ను కావలించుకున్నాడు. "నీ చేతుల పుణ్యమయ్యా! నా పసుపు బతికింది, నేను బతికిన!"

మర్నాడు దవాఖానకు పోయాను. ఆపరేటర్ చేతికి కట్టుతో పడుకుని ఉన్నాడు. దగ్గు ఆగితే తప్ప మాట రావడం లేదు.

"గా రెక్క పెట్టింది నువ్వేనట గద అన్నా?" అన్నాడు.

"అవును తమ్మీ."

"గొట్టం పొగను జర గుంజుతుండె. తలుపు దిక్కు కండ్లకు ఆనుతుండె. ధన్‌మని సప్పుడైంది, గంతే, చీకటి. తలుపు యాడున్నదో తెల్వలే. గోడలు తడుముకున్న." కాసేపు దగ్గాడు. "పసుపు బతికిందన్నరు. మంచిదే. మరి నేను?"

రెక్క పడకపోతే మంట గొట్టం గుండా బస్తాల మీదికి పోయేది. గోదాం అంటుకుంటే గంజ్ అంతా అంటుకునేది. అదంతా నోటిదాకా వచ్చింది కానీ, ఆ చెయ్యి చూస్తూ అనలేకపోయాను. అక్కడ సేటు పొగడ్త, ఇక్కడ ఇతని మాట. రెండూ నిజాలే. రెంటినీ కలిపి ఆలోచిస్తే నాకు బుర్ర పనిచెయ్యలేదు.

కొన్నాళ్లు పని మీద మనసు నిలవలేదు. చివరికి ఇంజను మనిషితో అన్నాను. "తమ్మీ, ఒకటి పడ్తే ఇంకోటి లేవాలె. గోడల రెక్క మూసుకునేటప్పుడే గది కప్పుల ఒక మూత తెరుసుకోవాలె. పొగ సీద మీదికి పోతది. పసుపు దిక్కు పోదు."

"బరువు కడ్తే లేస్తది" అన్నాడు అతను కొంచెం ఆలోచించి.

మిషన్ గది కప్పుకు కంత కొట్టి రేకు మూత చేశాను. అవతలి కొసకు బరువు కట్టి, మూతను మూసి పట్టి ఉంచే తీగను కూడా ఆ గొలుసుకే కలిపాం. కరిగిన బద్దకు బదులు కొత్తది తెప్పించి కట్టాక, మళ్లీ లైసెన్సు కోసం అధికారి వచ్చాడు. గోడలో రెక్కను చూసి తల ఊపాడు. కప్పు మూతను మాత్రం చాలాసేపు చూసి, ఈసారి తెలుగులోనే అడిగాడు.

"గిది మేము చెప్పలే గద. ఎవరు పెట్టమన్నరు?"

"దవాఖానల ఉన్నాయన, సాబ్" అన్నాను.

ఆయన పెట్టమనీ అనలేదు, తీసెయ్యమనీ అనలేదు. హాలుకు మాత్రం పర్మిషన్ వచ్చింది.

చెయ్యి మానాక ఆపరేటర్ మళ్లీ పనిలోకి వచ్చాడు. మొదటి రోజు మిషన్ ముట్టుకోలేదు. తానే గొలుసు వదిలాడు. గోడలో రెక్క పడింది, తల మీద మూత లేచింది. గదిలోకి ఎండ పడింది. అతను కాసేపు పైకి చూసి, గొలుసు మళ్లీ తగిలించి, రీలు ఎక్కించుకున్నాడు. కోపం పోయిందో లేదో అతని ముఖంలో నాకు తెలియలేదు.

ఆ గదిలో మళ్లీ నిప్పు లేవలేదు. నిజంగా మంట వచ్చినప్పుడు ఆ మూత లేచేదో, లేస్తే గాలి తగిలి మంట ఇంకా పెరిగేదో, ఏదీ తెలుసుకునే అవసరం రాలేదు. రాకపోవడమే మేలని తెలుసు. అయినా ఇప్పటికీ ఏ హాలులో కూర్చున్నా నా కళ్లు ముందు తెర మీదికి పోవు. వెనక్కి తిరిగి, పొగ ఎటు పోతుందో వెతుకుతాయి.